పదికి రెండు

అక్కా,

నీ ఉత్తరం సరుకుల లారీతో మంగళవారం చేరింది. నువ్వు పనిచేసే ఆ గనుల ఆసుపత్రిలో దుమ్మూ దగ్గులూ తప్ప చెప్పుకోవడానికి కబుర్లే లేవని రాశావు. ఇక్కడ కబుర్లకేం కొదవ! మా బడికి పిచ్చి పట్టింది.

ఉత్త పిచ్చి కాదు, మంచి నున్నటి కాగితం మీద నాలుగు రంగుల్లో అచ్చు వేయించిన పిచ్చి. దాని పేరు ‘వికాస అవకాశాల ప్రణాళిక’. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల కోసమట. దీనికోసం మా ప్రిన్సిపాల్ గారు ఎక్కణ్ణుంచో ఒక సలహాదారుణ్ణి పట్టుకొచ్చారు. ముప్పై మంది టీచర్లం కూర్చున్న చిన్న హాలు, గుసగుసలాడినా చివరి వరసకి వినపడుతుంది. అందులో ఆయన చెవి నుంచి నోటిదాకా మైకు తగిలించుకుని అటూ ఇటూ పచార్లు చేశాడు. “పదకొండేళ్లు అంటే వయసు కాదు, అదొక కిటికీ!” అన్నాడు. ప్రిన్సిపాల్ గారు ఆ ముక్క డైరీలో రాసుకున్నారు. నా పక్కనున్న డ్రిల్లు మాస్టారు మెల్లిగా, “ఊచలున్నదా, లేనిదా అడగండి మేడం” అన్నాడు. నవ్వాపుకోలేక దగ్గాను.

అసలు సంగతి విను. ప్రతి పిల్లకీ నాలుగు నిమిషాల ఇంటర్వ్యూ. పదికి మార్కులు. ఎక్కువ వచ్చినవాళ్లకి నీలం కార్డు, వాళ్లు ‘భావి నాయకులు’. వాళ్లకి చర్చా వేదిక, రోబో పెట్టె, నెలకోసారి బయటి ఊళ్లో ప్రదర్శన. మధ్యవాళ్లకి ఆకుపచ్చ, అంటే బొమ్మలూ నాటకాలూ. మిగిలినవాళ్లకి పసుపు. ఆ గ్రూపు పేరు ‘ఆసరా’. వరండా చివర గదిలో కూర్చుని ఖాళీలు పూరించడమే వాళ్లకి దొరికిన అవకాశం. మొన్న ఒక భావి నాయకుడు పెన్సిలు చెక్కే మరలో చిటికెన వేలు పెట్టి, అది బయటికి రాక, ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చాడు. వేలికి నూనె రాసి లాగుతుంటే మెడలో నీలం కార్డు ఊగుతోంది. వీళ్లట నాయకులు! వీళ్లని ఎంచినవాళ్లట మేధావులు! సైన్సు గదిలో కుళాయి రెండేళ్లుగా కారుతుంటే పట్టించుకునే నాథుడు లేడు గానీ, కార్డులకి తాళ్లు మాత్రం పట్టువి తెప్పించారు.

నీ కూతురు, మన పిచ్చుక, బాగానే ఉంది. పొడుగవుతోంది, యూనిఫాం అంచు మళ్లీ విప్పాలి. పిచ్చుకకి పసుపు కార్డు వచ్చింది. నువ్వేం కంగారు పడకు. మార్కులు వాళ్ల లెక్కేదో వాళ్లు వేసుకున్నారు, ఎవరికి ఏది ఎందుకొచ్చిందో దేవుడికే తెలియాలి. పిల్ల కార్డు సంచీలో వేసుకుని ఊరుకుంది. నేనూ కదపలేదు.

వేళకి తిను. ఆ దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకో.

నీ చెల్లి

* * *

అక్కా,

నువ్వు రాసిన నాలుగు పేజీలూ చదివాను. “దాని బుర్ర నాకు తెలుసు. ఎవడు వేశాడు ఆ మార్కులు? ఎవడో రాయి, సెలవు పెట్టి వచ్చి మొహం మీదే అడుగుతా” అన్నావు. పేజీ చివర పెన్ను కాగితాన్ని చింపేసింది కూడా.

రావద్దక్కా. వస్తే నా మొహం మీదే అడగాల్సి వస్తుంది. ఆ మార్కులు వేసింది నేను.

బల్లకి ఇవతల ముగ్గురం: నేను, సలహాదారు, డ్రిల్లు మాస్టారు. పిచ్చుక వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. సలహాదారు తన అరిగిపోయిన ప్రశ్నే అడిగాడు: “నువ్వు నాయకురాలివి. నీ జట్టుకి నీ మొదటి సందేశం ఏమిటి?”

“ఏం పని చేసే జట్టండీ?” అంది నీ కూతురు.

“ఏదైనా అనుకో.”

“ఏదైనా అంటే ఎట్లాగండీ? మంటలార్పేవాళ్లకి చెప్పేదీ పాటలు పాడేవాళ్లకి చెప్పేదీ ఒకటి కాదు కదా?”

ఆయన గడియారం చూసుకున్నాడు. పిచ్చుక మాత్రం నిజంగానే ఆలోచనలో పడింది. దాని సంగతి నీకు తెలుసుగా, ఆలోచించేటప్పుడు కింది పెదవి లోపలికి లాక్కుంటుంది. నా క్లాసులో ఏ పిల్లయినా ఆ ప్రశ్న వేసి ఉంటే పాఠం ఆపి భుజం తట్టేదాన్ని. నాలుగు నిమిషాలూ అయిపోయాయి. సలహాదారు నావైపు తిరిగి చిరునవ్వుతో, “మీ అక్కగారి అమ్మాయి కదా మేడం? మీరే ముందు వేయండి” అన్నాడు. రెండు వేశాను. పదికి రెండు. నా అంకె చూసి ఆయన మూడు వేశాడు, మాస్టారు రెండు వేశాడు.

సొంత పిల్లకి ఎక్కువ వేసుకుందంటారని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఈ ప్రణాళికకి ఒక సమన్వయకర్త కావాలన్నారు. విడిగా గది, తలుపు మీద పేరు. ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ రూములో నా కుర్చీ అలమర పక్కనే. ఎవరు అలమర తెరిచినా తలుపు నా మోచేతికి తగులుతుంది. ఒక్కళ్లూ “అయ్యో” అనరు. హాల్లో ఆయన కిటికీ ముక్కకి నవ్వానని రాశాను కదా. ఆ మీటింగు టీ కప్పులు తీయకముందే వెళ్లి ప్రిన్సిపాల్ గారికి నా పేరు ఇచ్చొచ్చాను. “ఇది మన బడికి దొరికిన అదృష్టం సర్” అని కూడా అన్నాను. నీకు రాసిన వెక్కిరింపులన్నీ ఆ తర్వాత రాసినవే.

నా రెండు చూసి సలహాదారు తల పంకించి, “నిష్పక్షపాతం అంటే ఇదీ” అన్నాడు. ఆ సోమవారమే గది నాదైంది. ఒకప్పుడు పాత మ్యాపులు దాచిన గది, ఇంకా బూజు వాసనే. తలుపు మీద నా పేరు ఇత్తడి అక్షరాల్లో ఉంది. మొదటిరోజు ఎవరూ లేనప్పుడు దాన్ని కొంగుతో తుడిచాను కూడా. బడిలో ఇందరు బుద్ధిహీనుల్ని ఏరి ఏరి నీకు రాశాను గానీ, వాళ్లలో నాకంటే నీచురాలు లేదు. ఆ సలహాదారుకి తన మాటల మీద నమ్మకమైనా ఉంది. నాకు అదీ లేదు.

పసుపు గది నా గోడకి అవతలే. రోజూ రెండో పీరియడ్‌లో పంతొమ్మిది మంది పిల్లలు ఖాళీలు పూరిస్తారు. పదకొండేళ్ల పిల్లలున్న గది లోంచి ఒక్క చప్పుడూ రాదు. నా కుర్చీలో కూర్చుని ఆ నిశ్శబ్దం వింటుంటాను. నిన్న లోపలికి తొంగి చూస్తే పిచ్చుక తన కాగితం ముగించేసి, చేతులు కట్టుకుని గోడవైపు చూస్తోంది. నన్ను చూసి “గుడ్ మార్నింగ్ మేడం” అంది. బడిలో మేడం అనే అనాలని నేర్పింది నేనే. నిన్న మాత్రం ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

వచ్చే శనివారం తల్లిదండ్రుల సభ. ప్రణాళిక సాధించిన విజయాల మీద నేనే మాట్లాడాలి. సభ మైకులోనే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. తర్వాత ఇంటికొచ్చి పిల్లకి చెప్తాను. నన్ను ఎన్ని మాటలైనా అను, పడతాను. దాన్ని తీసుకుపోతానని మాత్రం అనకు. ఆ గనుల దగ్గర దానికి బడి లేదు, ఇక్కడ అది లేకపోతే నాకు ఇల్లు లేదు.

నీ చెల్లి

* * *

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. లారీ రాలేదో, నువ్వే రాయలేదో తెలియదు. అయినా జరిగింది చెప్పాలి.

సభకి హాలు నిండిపోయింది. ముందు నీలం పిల్లలు ముగ్గురు నాయకత్వం గురించి బట్టీ పట్టింది అప్పజెప్పారు. నా వంతు వచ్చింది. మైకు చేతిలోకి తీసుకున్నాను. “ఈ కార్డులు నాలుగేసి నిమిషాల్లో, మా భయాలూ మా స్వార్థాలూ కలిపి వేసినవి. నా సొంత అక్క కూతురికి నేనే అన్యాయంగా మార్కు వేశాను, ఈ పదవి కోసం. వీటిని నమ్మకండి. పిల్లల్ని మళ్లీ ఒకే గదిలో కూర్చోబెట్టమని అడగండి” అన్నాను.

ఎవరో ఒకరు లేచి నన్ను తిడతారు, లేదా ప్రిన్సిపాల్‌ని నిలదీస్తారు అనుకున్నాను. ముందు వరసలో ఒక తల్లి చెయ్యెత్తింది.

“అయితే మళ్లీ ఇంటర్వ్యూలు పెడతారా మేడం? మావాడిది ఆకుపచ్చ. నీలం రావాలంటే ఏం చేయాలి?”

వెనకనుంచి ఇంకొకాయన, “ఈ ఇంటర్వ్యూకి కోచింగ్ ఎవరిస్తారండీ?” అన్నాడు.

అంతే, హాలు మొత్తం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. సలహాదారు గెంతుకుంటూ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుని, “మంచి ప్రశ్న! వచ్చే నెల నుంచే సన్నాహక తరగతులు!” అన్నాడు. ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొడుతూ, “మా టీచర్ల నిజాయితీకి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి!” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పాపాన్ని కూడా తమ ప్రణాళికలో ఒక అంశంగా కలిపేసుకున్నారక్కా. సన్నాహక తరగతులకి పేర్లిచ్చే వరస గేటుదాకా సాగింది. పసుపు పిల్లల తల్లిదండ్రులే అందరికంటే ముందున్నారు.

గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేశాను. సోమవారానికల్లా డ్రిల్లు మాస్టారు ఆ గదిలో ఉన్నాడు. “నేను వద్దనే అన్నాను మేడం” అన్నాడు. ఎంత మెల్లిగా అన్నాడో, అది వాళ్లకి వినపడే ఉండదు.

ఇక పిల్ల సంగతి. సభ నుంచి వచ్చేసరికి పెరట్లో బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చేతిలోని దుప్పటి మడత పూర్తిచేసి, “తెలుసు పిన్నీ” అంది.

“ఎలా తెలుసే?”

“నువ్వు రాసేటప్పుడే చూశా. ఎదురుగానే కూర్చున్నా కదా. తలకిందులుగా ఉన్నా రెండు రెండేగా.”

“మరి అమ్మకెందుకు రాయలేదు? నన్నెందుకు అడగలేదు?”

“నువ్వే చెప్తావని చూశా.”

“ఎన్నాళ్లు చూశావే తల్లీ?”

వేళ్లు మడిచి లెక్కపెట్టలేదు. లెక్క సిద్ధంగానే ఉంది దాని దగ్గర. “ముప్పై నాలుగు రోజులు” అంది. ముప్పై నాలుగు రోజులు నేను జడ వేస్తే వేయించుకుంది, పెడితే తింది, జ్వరమొస్తే నా ఒళ్లోనే పడుకుంది. ఒక్క మాట తూలలేదు. ఏడ్చాను. అది ఏడవలేదు. లోపలికెళ్లి సంచీలోంచి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వంతెన అవతలి సర్కారు బడి ప్రవేశ దరఖాస్తు.

ఒక్కతే వెళ్లొచ్చిందట. “బెంచీలు పాతవి పిన్నీ, నల్లబల్లకి పెద్ద పగులుంది. గుమ్మం దగ్గర నిలబడితే సైన్సు సారు పాఠం ఆపి ఏం కావాలమ్మా అన్నారు. నాకు వెంటనే చెప్పడం రాలేదు. సారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డారు. తొందరపెట్టలేదు” అంది.

“నన్ను వదిలేసి పోతావా?” అని అడిగాను. సిగ్గులేకుండా, ముందు ఆ మాటే అడిగానక్కా.

అది ఆశ్చర్యంగా చూసింది. “ఇల్లెందుకు మారతాను? నీ ఇంట్లోనే ఉంటా పిన్నీ. నీ బడిలో మాత్రం ఉండను.”

దరఖాస్తు నా చేతనే నింపించింది. అందులో ‘బడి మారుటకు కారణం’ అని ఒక గడి ఉంది. గబగబా ‘రాకపోకల సౌకర్యం’ అని రాశాను. పిచ్చుక ఒంగి చూసింది. “ఆ బడికి రెండు బస్సులు మారాలి కదా?” అంది. స్కేలు పెట్టి ఆ ముక్కని నీటుగా ఒక్క గీతతో కొట్టేసి, పెన్ను మళ్లీ నా చేతికిచ్చి, మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

దరఖాస్తు దీంతో జతచేశాను. కొట్టేసిన గీత కింద నేనేం రాశానో నువ్వు వెతుక్కోనక్కర్లేకుండా ఇక్కడా రాస్తున్నాను: ‘ఈ బడిలో ఉపాధ్యాయురాలైన పిన్ని, తన పదవి కోసం ఈ బాలికకు తెలిసి తెలిసి తక్కువ మార్కు వేసినందువలన.’ అక్కడి గుమాస్తా చదువుతాడు, ఆ సైన్సు సారూ చదువుతాడు. చదవనీ.

తల్లి సంతకం దాని కిందే పెట్టాలి. పెట్టి, వచ్చే లారీకే పంపు. పద్దెనిమిదో తేదీలోగా ఇవ్వాలట.

నీ చెల్లి