బొమ్మ తండ్రి పేరు

కరీంనగరం పట్టణంలో చర్చి వెనక గల్లీలో కాపురముంటున్న, కీర్తిశేషులు దావీదు గారి కుమారుడు, వయసు అరవై ఆరు, వృత్తి గుర్రాల పని, యేసుదాసు అనే నేను రాయిస్తున్న వీలునామా ఇది. చేతులు వణుకుతున్నాయి గనుక రాత అంబదాసుది, మాట నాది. నేను తాగి లేను. నన్నెవరూ బెదిరించలేదు. బుద్ధి స్థిరంగానే ఉన్నది. అది కాస్త చెడిపోయి ఉంటే ఈ నాలుగేళ్లలో ఒక్కసారయినా కంటినిండా పడుకునేవాణ్ణి. దేవుడు ఆ మేలు కూడా చేయలేదు.

1. ఇంతకుముందు నేను రాసిన కాగితాలేవైనా దొరికితే అవి చెల్లవు. దీన్ని అమలు చేసే బాధ్యత పక్కింటి లక్ష్మీరాజానికి అప్పగిస్తున్నాను. ఆయన సాంచెల మీద బట్ట నేసే మనిషి. ఆ సాంచెల చప్పుడుకు నా గుర్రం బెదురుతున్నదని ఆరేళ్లుగా ఆయనతో కొట్లాడుతూనే ఉన్నాను. ఒక్కనాడూ ఆపలేదు. అట్లాంటి మొండివాడే ఈ పనికి కావాలి. నా వాళ్లెవరైనా ఏడ్చి బతిమాలినా ఆయన ఆగడు.

2. నా మరణానంతరం, మట్టి అయిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, ఆరాధన ముగిశాక, చర్చి ముందర సంఘమంతా ఉండగా ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. పెద్దపల్లిలో ఉంటున్న మొండయ్యను, అతని భార్య ఐలవ్వను పిలిపించి ముందు వరుసలో కుర్చీలు వేసి కూర్చోబెట్టాలి. వాళ్లు మన సంఘం వాళ్లు కాదని ఎవరైనా నసిగితే, నసిగినవాళ్లను వెనక్కి పంపండి. ఎందుకో ఐదో అంశంలోనూ ఆరో అంశంలోనూ ఉన్నది.

3. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, వెనక గుర్రాన్ని కట్టే తబేలా, బావిలో వాటా నా కోడలు దెబోరాకు చెందుతాయి. నా కొడుకు పౌలు పోయిన తర్వాత పుట్టింటివాళ్లు రమ్మన్నా పోకుండా నాకు గంజి కాచి పోసిన మనిషి. అందరి కోడళ్ల లాగ మామా అనదు, బాపూ అంటుంది. ఇది విన్న తర్వాత ఎట్లా పిలుస్తుందో, అసలు పిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఇల్లు మాత్రం ఆమెదే. పౌలు పెట్టె, అందులోని సవారీ టోపీ, తోలు బూట్లు కూడా ఆమెవే. బూట్లకు నేను ఏటా ఆముదం పూస్తున్నాను. ఎవరు తొడుక్కుంటారని అడగవద్దు.

4. మనుమరాలు రూతుకు నిర్మల్ నుంచి తెచ్చిన కొయ్య గుర్రం. తండ్రి పోయిన ఐదో నెలలో పుట్టిన పిల్ల. గుర్రానికి ఒక చెవి విరిగితే నేనే అతికించాను, గట్టిగా లాగవద్దని చెప్పండి. దీనికి తల్లీ లేదు, తండ్రీ లేదు, ఉత్త పొనికి కర్ర, పైన రంగు. రూతు జన్మలో ఎక్కవలసిన గుర్రం ఇదొక్కటే.

5. ఎర్ర అట్ట వేసిన నసలు పుస్తకం, అంటే గుర్రాల వంశం రాసుకున్న పుస్తకం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. హైదరాబాదులో గుర్రప్పందేల మైదానం దగ్గర నేను ఇరవై ఏళ్లు సాయీసుగా, అంటే గుర్రాలను మేపి మాలీసు చేసే మనిషిగా పని చేశాను. పందెం గుర్రం ఉరికేది మూడేళ్లో నాలుగేళ్లో. ఆ తర్వాత దాన్ని ఎవరూ తలుచుకోరు. ఒకటి టాంగాకు పోతుంది, ఒకటి పెండ్లి బారాతుకు, ఒకటి ఎవరో పెద్దమనిషి సవారీకి. ఎక్కడో ఒకటి మాత్రం గోడలు దూకుతుంది. అన్నీ ఒక్క మైదానంలో ఉరికినవే, ఇదొక్కటే ఎందుకు దూకుతున్నదని నాకు పిచ్చి పట్టింది. ముప్పై ఒక్క గుర్రాల తల్లిని, తండ్రిని, తల్లి తండ్రిని అడిగి అడిగి రాసుకున్నాను. ప్రతి పేరు కింద జూలు వెంట్రుకలు నాలుగు దారంతో కుట్టాను. ఏ ఊరికి అమ్ముడుపోయినా జాడ తీసి, ఇప్పుడేం చేస్తున్నదో రాశాను. చివరికి నాకు తేలిందేమంటే, ఉరుకుడు తండ్రి నుంచి రావచ్చు గాని, దూకుడు కోసం తల్లికి తండ్రి ఎవరో చూడాలి. గుర్రాలున్న నవాబులు విని నవ్వారు. నవ్వనీ. నా కొడుకు పౌలు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఈ పుస్తకంలో. తల్లి అన్న మాటను, తండ్రి అన్న మాటను వాడు మొదట ఇందులోనే కూడబలుక్కున్నాడు.

ఈ పుస్తకంలో ఒక్క పుట తప్ప అంతా నిజం. పదిహేడో పుట అబద్ధం.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు మా దొర పందేలు మానిన గుర్రాలు మూడు కొని, వాటితో పాటు నన్నూ మా దిక్కుకు తెచ్చుకున్నాడు. గుల్‌బదన్ ఆడది. షహబాజ్, సికందర్ మగవి. వాటికి నేను దూకుడు నేర్పాను. షహబాజ్ ఛాతీ ఎత్తు గోడను గడప దాటినట్టు దాటేది. సికందర్ చూడ ముచ్చటైన గుర్రం, దూకమంటే గోడ ముందర నిలబడి ఆలోచించేది. కాని షహబాజ్‌కు ఎడమ కంటి కింద, కన్నీరు జారే చోట, వెంట్రుకలు సుడి తిరిగి ఉండేవి. దాన్ని కన్నీటి సుడి అంటారు. అట్లాంటి గుర్రాన్ని గాని, దాని సంతును గాని కట్టిన ఇంట్లో ఏడుపు తప్పదని మా గుర్రపోళ్ల నమ్మకం. ఒక బేరగాడు వచ్చి ఆ సుడి చూపించిన రోజు నుంచి దొర షహబాజ్‌ను వేరే కొట్టంలో కట్టించాడు. దాని సంతు తన తబేలాలో పుట్టకూడదన్నాడు.

నేను వినలేదు. నాకు ఆ దూకుడు కావాలి. దొరకు తెలియకుండా గుల్‌బదన్‌ను షహబాజ్‌తోనే కట్టించాను. 1950లో ఆడ గుర్రప్పిల్ల పుట్టింది. నిర్మల్ బొమ్మ లాగ మెరుస్తున్నదని బొమ్మ అన్నాము. ఎడమ కంటి కింద తండ్రి సుడే. దొర చూస్తే ఆ పూటే టాంగావాడికి తోలేస్తాడు. మాకు లాడాలు కొట్టే మొండయ్య కొలిమి తబేలా పక్కనే ఉండేది. నేను కాళ్లావేళ్లా పడితే అతను ఇనుప పుల్ల కాల్చి ఆ సుడి మీద పెట్టాడు. గాటి మేకు గీరుకున్నదని దొరకు చెప్పాను. పదిహేడో పుటలో తండ్రి సికందర్ అని నా చేత్తో రాసి, సికందర్ వెంట్రుకలే కుట్టాను. ఏసును నమ్ముకున్నవాణ్ణి, నేను సుడులను నమ్మనని మొండయ్య ముందు గొప్పలు కూడా పోయాను. నమ్మనివాడు కాల్పించడం ఎందుకని అతను అడగలేదు.

మూడేళ్లకు దొర హైదరాబాదు పోతూ గుర్రాలను నాకే వదిలిపోయాడు. ఆ ఏడే విషజ్వరం వచ్చి ఇరవై రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాను. తిరిగి వస్తుంటే పౌలు వాకిట్లోనే ఎదురొచ్చాడు. "బాపూ, బొమ్మను షహబాజ్‌తోని కట్టించిన. బుక్కు మంచిగ చూసిన, రెంటికి రక్తం కలుస్తలేదు. నువ్వు చెప్పినట్టె చేసిన" అన్నాడు. తండ్రితో కూతుర్ని కట్టించానని వాడికి తెలియదు. అప్పుడు నోరు విప్పి ఉంటే సరిపోయేది. ఏమని విప్పను? నీకు అక్షరాలు నేర్పిన పుస్తకంలో నేనే అబద్ధం రాశానని చెప్పాలి. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాను. నేను చేసిన పాపాలన్నింటిలో ఈ మాట పెద్దది.

పదకొండు నెలలకు మగపిల్ల పుట్టింది. పౌలు దానికి తారాజువ్వ అని పేరు పెట్టాడు. దూకుడు వచ్చింది, నిజమే, అంత దూకుడు నేను ఎక్కడా చూడలేదు. కాని ముందరి కాళ్లు మోకాలి కింద మరీ సన్నం. అంత దగ్గరి రక్తం కలిస్తే ఎముక పలుచబడుతుందని ఈ పుస్తకంలోనే ఆరో పుటలో నేనే రాసుకున్నాను. రోజూ ఆ కాళ్లు తోమాను. రోజూ ఊరుకున్నాను.

లక్ష్మీరాజం పదిహేడో పుటలో సికందర్ పేరు కొట్టేసి షహబాజ్ అని రాయాలి. ఆ వెంట్రుకలు ఊడదీయాలి. ఆ తర్వాత పుస్తకం దెబోరాది. పొయ్యిలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

6. నా ట్రంకులో బట్టలో చుట్టి ఉన్న లాడం ఒకటి, మొండయ్యకు.

1959 జనవరి 26న పరేడు మైదానంలో జరిగిన ఆటల్లో పౌలు తారాజువ్వ మీద మూడో గోడ దూకాడు. గోడకు ఎక్కడా తగలలేదు. అవతల ముందరి కాళ్లు నేలకు ఆనగానే ఎడమ కాలు ఎండు కట్టె విరిగిన చప్పుడు చేసింది. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. ముందు ఎముక విరిగింది. గుర్రం పౌలు మీద పడింది. లేవలేక కొట్టుకుంటుంటే, అప్పుడు లాడం ఊడింది. ఈ వరుస చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. మరునాడు తెల్లారకముందే పౌలు పోయాడు.

ఎట్లా జరిగిందని జనం అడిగారు. నేను ఆ లాడం పైకెత్తి పట్టుకొని, "గీ మొండిగాడు మేకులు సక్కగ కొట్టలే. నా కొడుకును సంపిండు" అన్నాను. పౌలు శవం పక్కన, దెబోరా ముందర అన్నాను. ప్రతి ఆటకు ముందు కొండగట్టు పోయి అంజన్న సిందూరం తెచ్చి, నేను చూడనట్టు తల తిప్పుకుంటే, గుర్రం డెక్కకు చిటికెడు రాసిపోయే మనిషిని అట్లా అన్నాను.

మొండయ్య దగ్గర ఒక్క మాట ఉన్నది. బొమ్మ కంటి కింద ఇనుము పెట్టింది అతనే. బొమ్మ తండ్రి ఎవరో నాతో పాటు తెలిసిన మనిషి అతనొక్కడే. ఆ మాట బయటపెడితే, కొడుకును చంపుకున్నది ఎవరో ఊరంతటికీ అప్పుడే తెలిసేది. అతను నా మొఖం చూశాడు. దెబోరాను చూశాడు. తల వంచుకొని పోయాడు. ఆ తర్వాత ఎవరూ అతనితో లాడం కొట్టించలేదు. ఇప్పుడు పెద్దపల్లి స్టేషన్ దగ్గర బియ్యం బస్తాలు మోస్తున్నాడు.

పోయిన నెల, చెప్పేయాలని బస్సెక్కి పోయాను. అతను బస్తా దించి, తువ్వాలతో మొఖం తుడుచుకొని, "యేసన్నా, బొమ్మ ఎట్లున్నది? లాడాలు ఎవలు కొడుతుండ్రు? ఎడమ ఎనుక డెక్క జర పైలం, అది లోపలికి అరుగుతది" అన్నాడు. బాగున్నదని చెప్పి, అతను తాగించిన చాయ తాగి, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాను. అందుకే ఈ కాగితం.

లాడాన్ని అందరూ చేత్తో పట్టుకొని చూడండి. ఏడు మేకులూ వంగి ఉన్నాయి. వదులుగా కొట్టిన మేకు వంగదు, జారి వస్తుంది. మొండయ్య పనిలో తప్పు లేదు. నా కొడుకును చంపింది నేను.

7. బొమ్మ, పదమూడేళ్ల కుమ్మైతు రంగు, అంటే ముదురు ఎరుపు గుర్రం, ఎడమ కంటి కింద కాలిన మచ్చ, మొండయ్యకు. ఇక దానికి పిల్లలు వద్దు. గుల్‌బదన్, షహబాజ్ ఎప్పుడో మట్టిలో కలిశాయి, తారాజువ్వ పౌలుతోనే పోయింది. నా బతుకంతా వెతికి పట్టుకున్న ఆ రక్తం ఇక్కడితో ఆగిపోవాలి. దానికి సాయంత్రం పూట బెల్లం ముక్క అలవాటు, మానిపించవద్దు.

8. దొరకు నా నుంచి ఏమీ లేదు. మంచి గుర్రాన్ని చీకటి కొట్టంలో కట్టించినందుకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. కాని అబద్ధం రాయమని ఆయన చెప్పలేదు.

9. నన్ను పౌలు పక్కన పెట్టవద్దు. ఆ చోటు నా కోసం ఉంచారని తెలుసు, దాన్ని దెబోరాకు వదిలిపెడుతున్నాను. నన్ను ప్రహరీ వారగా ఎక్కడైనా పెట్టండి. రాయి మీద పేరు చాలు, వాక్యం వద్దు. నా భార్య మగ్దలేనమ్మ ఇవేవీ చూడకముందే పోయింది. దేవుడు నాకు చేసిన మేలు అదొక్కటే.

దిద్దుబాటు. ఇదంతా అంబదాసు నాకు తిరిగి చదివి వినిపించాడు. విన్న తర్వాత చెబుతున్నాను. రెండో అంశంలో "నా మరణానంతరం, మట్టి అయిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం" అన్న మాటలు రద్దు. మొండయ్యకు అరవై దాటాయి, బస్తాలు మోస్తున్నాడు. నేను చచ్చేదాకా అతను నా కొడుకును చంపినవాడిగా బతకాలని రాయించడానికి నేనెవణ్ణి? చచ్చిన తర్వాత నిజం చదివించడం కూడా "మంచిగ చేసినవ్ బిడ్డా" లాంటిదే. కనుక ఆ చోట "రేపు ఆదివారం" అని చదువుకోవాలి. పొద్దున మొదటి బస్సుకు టాంగా తోలే సిద్దిరాములు పెద్దపల్లి పోయి మొండయ్యను, ఐలవ్వను తీసుకొస్తాడు. చదివేది నేనే. చేయి వణికినా సరే, లాడం నేనే పట్టుకుంటాను, అందరికీ కనబడేటట్టు పైకెత్తి, ఆనాడు పట్టుకున్నట్టే.

దెబోరాకు ఇంకా ఏమీ తెలియదు. లోపలి నుంచి ఇప్పుడే అన్నానికి పిలిచింది, బాపూ అని. ఇదే ఆఖరిసారి అనుకొని లేస్తున్నాను.

1963 మార్చి 9వ తేదీ, శనివారం, కరీంనగరం.

(సంతకం) దావీదు యేసుదాసు

సాక్షులు:
1. సిద్దిరాములు, టాంగా తోలే పని, కరీంనగరం
2. బాలమల్లు, చర్చి వెనక గల్లీ, కరీంనగరం

రాసినది: అంబదాసు