కలకత్తా నుంచి మూడు గంటలు

గున్నమ్మా,

తెల్లవారేసరికే తూర్పున మబ్బు పట్టింది. వాన పడకముందే కళ్లంలో ఆరబోసిన చోళ్లు ఇంట్లోకి తీయించు. నేను బండి కట్టుకుని విజయనగరం సంతకి వెళుతున్నాను. రేపు పొద్దుగూకే వేళకి వస్తాను.

నీకు మొదట అనుకున్న అసిరయ్య బావ కలకత్తాలో విమానమెక్కి మూడు గంటల్లో విశాఖపట్నంలో దిగాడట. నిన్న మనింటికి భోజనానికి వస్తే "మూడు గంటలేటి బావా!" అని నాలుగుసార్లు అడిగావు. పులుసులో చేప తల కూడా అతనికే వేశావు. నేను చూస్తూనే ఉన్నాను.

నిన్ను కాపురానికి తెచ్చినప్పుడు శ్రీకాకుళం నుంచి మనూరికి ఇదే బండి మీద రోజున్నర పట్టింది. దిగుతూ నువ్వు "అప్పుడే వొచ్చీసినామేటి?" అన్నావు.

సూరయ్య

రేపు రాత్రి అన్నం నేను వచ్చేదాకా తినకు. రాత్రి నేనన్న మాటకి కోపమొచ్చి నాతో మాట్లాడకపోయినా సరే, కలిసి తిందాం.