గుమ్మంలో పట్టని ఆటపెట్టె

ఒరేయ్ ఓగుతూ,

త్రీడీ ప్రింటర్ నేనే ఆపాను. అరవకు, ముందు చదువు. స్క్రీన్‌ని పట్టి ఉంచడానికి నువ్వు ప్రింట్ చేస్తున్న ప్లాస్టిక్ బ్రాకెట్లు దానికి రెండు పక్కలా వస్తాయి. అందుకే నీ వీడియో గేముల ఆటపెట్టె స్క్రీన్ కంటే జానెడు వెడల్పయింది. ఇందాక నా కుట్టు టేపుతో కొలిచాను. పెట్టె ఎనభై సెంటీమీటర్లు, మన గుమ్మం డెబ్బై ఆరు. రెండు నెలలు ఇంట్లోనే కూర్చుని చేశావు కదా, గుమ్మాన్ని ఒక్కసారైనా కొలవాలనిపించలేదా?

స్క్రీన్ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయి. బ్రాకెట్లు వాటికి బిగిసేలా మళ్ళీ గీయి. అప్పుడు పెట్టెని అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్లు తగ్గించొచ్చు.

ఇది అడ్డంగా నిలబడ్డప్పటి నుంచి తలుపు సగమే తెరుచుకుంటోంది. రోజూ పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టి డ్యూటీకి వెళ్తున్నాను. నిన్న పక్కింటి అకెల్లో వాళ్ళమ్మ చూసి, "సొంతింట్లోనే దొంగలా దూరుతున్నావేంటే అపోండీ" అంది. మంచం మీద కూర్చుంటే దాని చెక్క వీపు తప్ప ఏమీ కనిపించదు. కిటికీని కూడా అదే మింగేసింది. ఊపిరాడడం లేదురా.

ఆకుకూర మూత కింద ఉంది. ఉగాలికి మొక్కజొన్న పిండి నువ్వే కెలుక్కో.

అక్క

మర్చిపోయాను. పెట్టె కిబుయే సంతలో నువ్వు తీసుకున్న కొట్టుకి చేరగానే, నువ్వూ ఇల్లు వదిలి అక్కడే దాని పక్కన పడుకుంటావని నీ స్నేహితుడు చెప్పాడు. నువ్వు నాతో ఒక్క మాటైనా అనలేదు. బ్రాకెట్లకి తొందరేం లేదులే, నెమ్మదిగా గీయి.