నడిమి స్పీకర్

చెల్లె శ్రీదేవికి,

నరసింహస్వామి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం.

మొన్న సోమవారం పొద్దున వాకిలి ఊడ్చి, దీపం పెట్టి, అమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి టీవీ పెట్టాను. చూపు పోయినప్పటి నుంచి గుట్ట నరసింహస్వామి పూజ వినడమే ఆమెకు దర్శనం కదా. టీవీకి ఉన్న మూడు స్పీకర్లలో మాట వచ్చే నడిమిది కాలిపోతే తమ్ముడు లింగస్వామి ముందురోజే వేరే కంపెనీది తెచ్చి బిగించాడు. సన్నాయి, గంటలు రెండు పక్కల నుంచి ఎప్పటిలాగే వినిపించాయి. నడుమ స్తోత్రం చదివే అయ్యగారి గొంతు మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది.

"గీయన ఎవలే? మన అయ్యగారు ఏడి?" అంది అమ్మ. గంజి ముట్టలేదు.

తమ్ముడు సౌండు పెంచాడు, తగ్గించాడు. "పక్క స్పీకర్ల జతదే కావాలట అక్కా. గది గిప్పుడు దొరుకుతలేదు" అన్నాడు.

అమ్మ పస్తు చూడలేక ఆ స్పీకర్ ఆపించి, నడుమ కూర్చుని స్తోత్రం నేనే చదివాను. "ఆఁ, గిప్పుడు కలిసింది" అని అమ్మ గంజికి నోరు తెరిచింది.

గుట్టలో మండలం రోజులు ఉండి సేవ చేసుకోవాలన్న నా మొక్కు నీకు తెలుసు. సంచి సర్దే ఉంది. మీ ఇంట్లో ఉన్నవీ మా పక్క స్పీకర్ల జతవే. అందులో నడిమిది పంపితే నేను కదలగలను. తొందర లేదని రాయలేను.

ఆ సోమవారం సాయంత్రమే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. కొత్త స్పీకర్ వాపసు ఇచ్చేస్తారట. నా మొక్కు వచ్చే ఏడు చూద్దామన్నారు. "వదినె ఉండంగ మనకేం ఫికర్" అని మరదలు నవ్వింది. టీవీ కింద ఖాళీ అయిన జాగాలో నాకు పీట వేశారు.

మీ అక్క