గొర్రెలకు తెలిసిన కూత

లిబియా, మార్చి 2004

తమ్ముడు తిప్పేస్వామికి,

వీసా వచ్చిందని రాశావు. నాయన కంబళి తెచ్చుకో, ఇక్కడి ఇసుకగాలికి అదే ఆగుతుంది. పాస్‌పోర్టు యజమాని తీసుకుంటాడు, నకలు చొక్కా లోపల కుట్టుకో.

గొర్రెలకు ఏమీ నేర్పనక్కర్లేదు. మొదటిరోజే మన మడకశిర కూత వేస్తే మందంతా నా దగ్గరికి వచ్చేసింది. ఈ కూత వీటికెవరు నేర్పారని పక్క తోటలో పనిచేసే కదిరి మస్తాన్‌ను అడిగాను.

"నీకు ముందు మీ మడకశిర పక్కాయన ఈ మందను కాసినాడప్పా. యాడికి పోయినాడో ఎవరూ చెప్పరు. ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు.

సాయంత్రాలు నేను కూత వేయకముందే మంద ఎడారి వైపు తిరిగి నిలబడుతుంది.

రావద్దని రాయాలనుంది. కానీ మన బోరు ఎండిపోయిందన్నావు.

నువ్వొచ్చేసరికి నేను లేకపోతే ఎవరినీ అడగొద్దు. గొర్రెలు ఎటు చూస్తాయో అటు వెతుకు.

నీ అన్న