ఎనభై దాటాక వణుకు

విజయవాడ,
మంగళవారం

నాన్నా,

నీకు ఫోన్లో సరిగ్గా వినపడదని మాత్రమే కాదు, ఈ సంగతి నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నేను కారు నడపడం మానేశాను. వారం రోజులుగా ఇబ్రహీంపట్నం స్కూలుకి బస్సులోనే వెళ్ళి పాఠాలు చెప్పి వస్తున్నాను. ఇంట్లో మాత్రం పెట్రోలు దండగని అబద్ధమాడాను.

ఆర్టీసీ డ్రైవరు కూతుర్ని. పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే నేర్పావు. అలాంటిది రెండు నెలలుగా బండి నా మాట వినడం లేదు. స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు లాగుతున్నాయి. హైవే మీద ఎనభై దాటితే చాలు, చేతుల్లో వణుకు. పోయిన సోమవారం గొల్లపూడి దగ్గర అరవైలోనే వస్తున్నాను, మీటరు చూశాను కూడా. పాలక్యాను పట్టుకుని ఒకామె రోడ్డు దాటుతోంది. ఎప్పుడూ తొక్కే దూరంలోనే బ్రేకు తొక్కాను. బండి ఆమెకు జానెడు దూరంలో ఆగింది. "కళ్ళు కనపడట్లేదా ఏంటమ్మా, మీదకే వచ్చేస్తన్నావ్!" అని అరిచింది. వెనక సీట్లో కీర్తన ఏడుపు. నీ ఏడేళ్ళ మనవరాలు, దానికేమైనా అయితే?

అమ్మకు కూడా మొదట ఇలాగే కదా నాన్నా? సూదిలో దారం ఎక్కేది కాదు, తర్వాత చేతిలో గ్లాసు నిలిచేది కాదు. ఇప్పుడు రోజూ బాత్రూంలో తలుపేసుకుని నా చేతులు చాచి చూసుకుంటున్నాను. వణుకుతున్నట్టే ఉంటున్నాయి.

ఆయనతో అంటే నవ్వేశారు. "నీదంతా కంగారు. నేను నడిపితే ఏమీ లేదే!" అన్నారు. ఆయన నడిపేది ఇంటి నుంచి వన్‌టౌన్‌లో మా బట్టల షాపు దాకా. దసరాకి అల్లాయ్ చక్రాలు వేయించి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన దగ్గర్నుంచీ ఆ కారంటే ఆయనకు మురిపెం.

శనివారం నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను. డాక్టరు అవునంటే నేనేం చెయ్యాలి?

నీ
రేణుక

మీ ఇంట్లో,
గురువారం మధ్యాహ్నం

అమ్మా రేణుకా,

నీ ఉత్తరం పొద్దున అందింది. అందిన పావుగంటకి ఉయ్యూరులో బస్సెక్కాను. మీ అమ్మ చెయ్యి వణికిన మొదటి ఏడాదంతా "ఏంటా పరధ్యానం" అని విసుక్కున్నవాణ్ణి. అది నన్నింకా తినేస్తోంది.

నువ్వు స్కూల్లో ఉన్నావు. అల్లుడుగారిని అడిగి తాళాలు తీసుకుని ముందు టైర్ల మీది నంబర్లు చూశాను. కంపెనీవి పద్నాలుగు అంగుళాల చక్రాలు. ఇప్పుడున్నవి పదహారు, టైర్లు ఎత్తూ వెడల్పూ కూడా ఎక్కువే. చక్రం మొత్తంగా పెద్దదైతే మీటరు అరవై చూపేటప్పటికి బండి అరవై ఆరులో పోతుంటుంది. ఇక ఎప్పుడూ ఆగే దూరంలో ఎలా ఆగుతుంది? వెడల్పు పెరిగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. ఈ మాట అల్లుడుగారికి చెప్పాను. "చూడ్డానికి బాగుంటాయని వేయించానండీ మావయ్యగారూ, ఇంత ఉందని తెలీదండీ" అన్నారు. ఆయన్నేమీ అనకు.

ఆటోనగర్‌లో విప్పి చూస్తే కొత్త చక్రాల నడిమి రంధ్రం ఇరుసుకి వదులుగా ఉంది. వేగం పెరిగితే కొట్టుకునేది అందుకేనట. మెట్ల కింద పడేసిన పాతవి బిగించారు. నువ్వు స్కూలుకెళ్ళే రోడ్డు మీద నడిపి చూశాను, ఎనభై దాటినా వణకలేదు. భయంతో చాచిన చెయ్యి ఎవరిదైనా వణుకుతుంది తల్లీ. అయినా నేను డాక్టర్ని కాను. శనివారం ఇద్దరం వెళ్దాం. కారు నువ్వే నడుపు.

ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. చక్రాలు మార్చకముందు, ఒక్కణ్ణే ఇబ్రహీంపట్నం రోడ్డెక్కాను. డెబ్బై దాకా ఏమీ లేదు. తప్పు బండిదే కావాలి దేవుడా అని పైకే అనేశాను. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాను, బండి వణికితే భయపడ్డానే గాని ఎన్నడూ సంతోషపడలేదు. ఇవాళ ఎనభై దాటగానే స్టీరింగ్ నా చేతుల్లో గడగడలాడింది. బండి పక్కకి తీసి ఆపుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మీ నాన్న
ఆదిశేషయ్య