స్టూడియో పేరు కత్తిరించిన ఫొటో

శుక్రవారం, బందరు, 2007

గిలకలదిండి రేవులో జరిగిన షూటింగులో మా ఊరి ఫొటో స్టూడియో బాబాయిగారు తీసిన మా హీరో ఫొటోని స్కాన్ చేసి, మూలనున్న స్టూడియో పేరు కత్తిరించి, నెట్‌లో మా ఫ్యాన్స్ కమ్యూనిటీలో పెట్టింది నేనే. కాపీరైట్ ఫిర్యాదు వచ్చిందని సైటువాళ్లు దాన్ని తీసేస్తే, అవతలి హీరో ఫ్యాన్స్ పనే అనుకున్నాను. ఫిర్యాదు చేసినవాణ్ణి బూతులు తిడుతూ మొదటి పోస్టు రాశాను. మిగతావాళ్లు అందుకున్నారు.

ఇవాళ పాస్‌పోర్టు ఫొటోకి వెళ్తే బాబాయిగారే చెప్పారు.

"ఆ ఫిర్యాదు మా అమ్మాయి చేత నేనే పెట్టించానయ్యా. ఆ తిట్లు చదివి పిల్ల ఒకటే ఏడుపు. మన బందరు కుర్రాళ్లయితే అలా రాయరులే."

నా కాలరు సరిచేసి, "కాస్త నవ్వు బాబూ" అన్నారు.

ఫొటోల కవరు మీద స్టూడియో పేరుంది. బల్ల మీద బోర్లా పెట్టాను. రేపు వెళ్లి చెప్పాలి. ఆ పిల్ల కూడా అక్కడే ఉంటుందేమో...